కూర్చుని వాయించే పాట

పుంగనూరు,
2 అక్టోబరు 2024.
పొద్దున తుంపర, తర్వాత ఎండ. సోమల నుంచి వచ్చిన హార్మోనియానికి తిత్తి తోలు మార్చాను.

మిత్రుడు దేవరాజులుకు ఖాదర్ వలి సలాం.

ఫోన్లో నేను ఊఁ, ఆఁ తప్ప ఏమీ అననని, చెప్పాల్సింది ఉంటే జాబు రాయమని మొన్న తిట్టావు. రాస్తున్నాను.

మా అర్షియాకు సంబంధం కుదిరింది. అబ్బాయి పేరు జావీద్. వాళ్ళది మదనపల్లెలో టమోటా మండీ. డిసెంబరు 15న అక్కడే షాదీఖానాలో పెళ్ళి. పిల్లవాడు నెమ్మదస్తుడు. అర్షియా మాట్లాడుతుంటే వింటాడు. ఆ ఇంట్లో అంతకంటే కావలసింది ఏమీ లేదు.

అర్షియా నన్ను అడిగింది ఒకటే. "అబ్బా, డీజే వద్దు, లైటింగు వద్దు. నీ దాదా పాట మాత్రం నువ్వే వాయించాల" అంది. సరే అన్నాను.

జావీద్ నాయన రఫీక్ భాయికి మన ఆచారం తెలియదు. ఆయనకు వివరంగా చెప్పాల్సి వచ్చింది. నాకు ఎంత కష్టమయిందో నీకు తెలుసు. ఊరేగింపు ఆడపిల్ల వాకిలి చేరేసరికి బ్యాండు నిలిచిపోతుందని, వాయించేవాళ్ళలో పెద్దవాడు "కాళ్ళు నొస్తాండాయి, కుర్చీలు తెండి" అని అరుస్తాడని, ఆడపిల్లవాళ్ళు లేవంటారని, కాసేపు మాటామాటా అయ్యాక కుర్చీలు వస్తాయని చెప్పాను. అన్ని పాటలూ నిలబడి, నడుస్తూ వాయించేవాళ్ళం ఈ ఒక్క పాట కూర్చునే వాయిస్తామని, ఫిడేలు ఒక్కటే మోగుతుందని, మిగతావాళ్ళంతా రెండు కాళ్ళతో నేలమీద తాళం వేస్తారని చెప్పాను. పాట చివర అందరూ లేచాకే పెళ్ళికొడుకు లోపలికి వెళ్ళాలి.

"ఎవురు కట్టినారు భాయ్ ఆ పాట?" అన్నాడు.

మా నాయనకు నాయన, మా దాదా నబీ సాబు అని చెప్పాను. జట్కా తోలేవాడని, గుర్రం నడక విని కట్టాడని, మదనపల్లె బంగళాలో దాదా వాయించింది విని ఒక దొర మెచ్చి తన ఫిడేలు ఇచ్చేశాడని చెప్పాను. చెప్పేటప్పుడు గొంతు కొంచెం పెద్దదయిందని మా ఇంటిది కమరున్నీసా తర్వాత అంది. మా వంశంలో చెప్పుకునేందుకు ఇంకేముంది దేవరాజులూ. పొలమా, పదవా. ఆ పాట ఒక్కటే.

ఒక చిక్కు వచ్చింది. బ్యాండు మాదే కాబట్టి కుర్చీ అడగాల్సింది నేను. ఆడపిల్ల తండ్రిని కాబట్టి లేదనాల్సిందీ నేనే. అందుకని అడిగేందుకు నువ్వు రావాలి. డ్రమ్ము తెచ్చుకో.

అంగడిలో నేను కూర్చునే కొయ్య కుర్చీ కాలు మళ్ళీ ఆడుతోంది. "ఊరి వాయిద్యాలన్నీ బాగుచేస్తావు, నీ కుర్చీని యాల ఇట్లే పెట్టుకున్నావు" అని కమరున్నీసా రోజూ అంటోంది. తీరిక దొరకలేదు.

ఉంటాను.
ఖాదర్ వలి


కుప్పం,
11-10-24

ఒరే వలీ,

నీ జాబు సదివి మా కూతురు మునిలక్ష్మి "ఇన్ని మాటలు వలి మామ కడుపులో ఉండాయా నాయనా!" అని నోరు తెరిచేసింది. అర్షియాకు నా దీవెనలు సెప్పు. నా సంకలో పెరిగిన పిల్ల, దాని పెండ్లికి నేను రాకుండా ఉంటానా? కుర్చీలు నేనడగతా. లేవని నువ్వు గట్టిగా అను. ఆ ఒక్క దినమన్నా నీ నోట్లోంచి శబ్దం వస్తుంది, ఊరంతా ఇంటుంది.

ఇప్పుడొక ఇసిత్రం సెప్తా, ఇను. పోయిన వారం ఈడ కుప్పంలో ఒక పెండ్లికి మా బ్యాండు సెట్టే వాయించింది. పెండ్లికూతురు బెంగుళూరులో ఉద్యోగం. దాని ఆఫీసులో పనిచేసే ఆమె ఒకామె, కెనడా దేశస్తురాలు, రైలెక్కి వచ్చిండాది. పేరు సిమోన్. పాపం చీర కట్టుకుని, బోండా తింటా ఒక పక్కన నిలబడి ఉండె. మేము కుర్చీలు అడిగి, తిట్లు తిని, కూచుంటిమి. మునిచంద్ర ఫిడేలు ఎత్తుకున్నాడు, నువ్వు నేర్పించినోడే కదా. పాట మొదలుపెట్టినాడో లేదో, ఆమె బోండా పడేసి పరిగెత్తుకుంటా వచ్చింది! ఒక కుర్చీ లాక్కుని మా మధ్యలో కూలబడి, రెండు కాళ్ళతో తాళం! మన తాళమే వలీ, చివర్న మేము లేచేదాకా ఒక్క దెబ్బ తేడా లేదు. చీర కుచ్చెళ్ళు ఊడిపోతా ఉంటే మా ఆడోళ్ళు పట్టుకోనుండారు, ఆమె మాత్రం ఆపలేదు.

అయినాక మునిలక్ష్మి మాట్లాడింది. ఇది ఆమె తాత పాటంట! కెనడాలోనే ఫ్రెంచి మాట్లాడే పల్లెలు ఉండాయంట, ఆడ వంటింట్లో కుర్చీ వేసుకుని, కూచునే వాయిస్తారంట, డ్రమ్ములుండవంట, కాళ్ళే డ్రమ్మంట! నేను సంబరం పట్టలేక ఆమెకు ఇంకో రెండు బోండాలు పెట్టించినా. సూడప్పా, మన నబీ తాత పాట యాడికి పోయిండాదో! పుంగనూరు జట్కా కెనడా దాకా తోలినాడు ముసలోడు!

అంగట్లో దోసెల గిరాకీ ఎక్కువైంది. ఇంతటితో ఆపతా.

దేవరాజులు


పుంగనూరు,
17 అక్టోబరు.

దేవరాజులూ,

జాబు అందింది. జట్కా అంత దూరం పోదు.

ఆమెను ఒక్క సంగతి అడిగించు. ఆమె తాతకు ఆ పాట ఎవరు నేర్పారు, ఎన్నాళ్ళ కిందట. దాచకుండా రాయి. అది తెలిసేవరకు నేను ఫిడేలు పెట్టె తెరవను.

ఖాదర్ వలి


కుప్పం,
3-11-24

ఒరే వలీ,

నాలుగు ముక్కల్లో జాబు రాస్తే పోస్టల్ వాళ్ళకైనా అవమానం కాదా?

ముందు నా కథ ఇను. దీపావళి మరుసటి దినం అంగట్లో దోసెపిండి కారి ఉంటే సూసుకోకుండా కాలు పెట్టినా. గిన్నె ఒక పక్క, నేనొక పక్క. ఎడమకాలు ఇరిగింది. పిండికట్టు ఏసినారు. పిండిలో జారినోడికి పిండికట్టే అని మునిలక్ష్మి ఒకటే నవ్వు. రెండు నెలలు మంచం దిగేది లేదంట. అర్షియా పెండ్లికి రాలేను వలీ. ఇది రాస్తా ఉంటే ఏడుపొస్తాండాది, నిజం. కుర్చీలు అడిగేదానికి మన క్లారినెట్ చెంగల్రాయుడికి సెప్పు. వాడికి గొంతు ఉండాది, బుద్ధి లేదు. ఆ పనికి అది సాలు.

ఇంక నువ్వడిగిన సంగతి. దాచేద్దామా అనుకుంటి. నీకు అబద్ధం సెప్పి నేను అన్నం తినగలనా?

సిమోనమ్మ వాళ్ళ మామకు ఫోన్ చేసింది. ఎనభై దాటిన పెద్దాయన, ఇప్పుడు ఆ ఊర్లో ఫిడేలు వాయించేది ఆయనే. ఆయన సెప్పిందేమంటే, వాళ్ళ నాయన, అంటే సిమోనమ్మ తాత, చలికాలంలో అడవిలో చెట్లు కొట్టే కూలికి పోయేవాడంట. మంచులో పని, సాయంత్రమైతే పొయ్యి సుట్టూ కూచుని ఫిడేలు. ఆడ ఒక ముసిలాయన దగ్గర నేర్చుకున్నాడంట. ఆ ముసిలాయన ఐర్లాండు నుంచి ఓడెక్కి వచ్చినోళ్ళ దగ్గర నేర్చుకున్నాడంట. వాళ్ళు యాడ నేర్చుకున్నారో దేవుడికే తెలియాల. అంటే నబీ తాత పుట్టక ముందుదే వలీ.

అయితే ఏమి? ఇంకో మాట సెప్పినాడు ఆ పెద్దాయన. వాళ్ళల్లో పాట కట్టినోడి పేరు ఎవరికీ తెలీదంట, అడగరు కూడానంట. ఎవరి దగ్గర నేర్చుకుంటే వాళ్ళ పేరే పాటకు. పక్కూరికి పోతే పేరు మారిపోతుంది. మనం నబీ సాబు పాట అంటే అది వాళ్ళ లెక్కలో సరిగ్గా సరి!

పెండ్లిలో ఫోన్లో పట్టిన మన పాట ఇని పెద్దాయన నీకొక ప్రశ్న పంపినాడు. వాళ్ళ పాటలో ఉండేది రెండు ముక్కలే. మనం చివర్న వాయించే మూడో ముక్క, ఒక దెబ్బ ఎక్కువ తగిలేది, అది వాళ్ళకు లేదు. "ఇది యాడిది, ఎవరు కట్టినారు" అని పదేపదే అడగతాండాడంట. నేను డ్రమ్ము కొట్టేవాడిని, నాకేం తెలుసు. నువ్వు రాయి.

మూతి ముడుచుకోవద్దు.

దేవరాజులు


మదనపల్లె,
16 నవంబరు 2024.
మబ్బు. చలిగాలి. పెళ్ళి కార్డులు పంచాను.

దేవరాజులుకు,

కాలు ఎలా ఉంది? పాలు తాగు. మంచం మీద ఉండి మునిలక్ష్మిని సతాయించకు.

ఈరోజు కార్డులు ఇచ్చి, పనిగట్టుకుని ఆ పాత బంగళా ఉన్న చోటికి వెళ్ళాను. ఇప్పుడు అక్కడ పెట్రోలు బంకు ఉంది. ఎదురుగా టీ తాగుతూ కాసేపు నిలబడ్డాను. మా దాదీ చెప్పిన కథ మొదటినుంచి చూసుకున్నాను.

ఆ దొర బావులకు ఆయిలింజన్లు బిగించేందుకు వచ్చాడు. దాదా జట్కాలో ఊళ్ళు తిరిగేవాడు. వానలకు ఏరు వచ్చి దారి తెగితే, రెండు వారాలు ఇద్దరూ ఆ బంగళాలోనే చిక్కుకుపోయారు. సాయంత్రాలు వరండాలో కుర్చీ వేసుకుని ఫిడేలు వినేవాడు దొర, వాయించేవాడు దాదా. మా ఇంట్లో చెప్పేది ఇది. నేనూ ఇదే చెప్పుకుంటూ వచ్చాను.

కానీ ఆలోచించు. ఆ కాలంలో దొర ముందర జట్కావాడు కుర్చీలో కూర్చుంటాడా? వరండా మెట్టు మీద కూడా కూర్చోడు. మరి మన పాట కూర్చుని ఎందుకు వాయించాలి? ఆ కుర్చీ దొరది. వాయించిందీ దొరే. నిలబడి విన్నది మా దాదా. కాళ్ళ తాళం గుర్రం నడక కాదు, దొర బూట్ల చప్పుడు. పోయేటప్పుడు ఫిడేలు ఇచ్చాడు, అది మాత్రం నిజం. ఇంటి కథ రెండు తరాలు తిరిగేసరికి వాయించినవాడు వినేవాడయ్యాడు, విన్నవాడు వాయించేవాడయ్యాడు. ఎవరూ అబద్ధం చెప్పాలని చెప్పి ఉండరు. ఇష్టంతో చెప్పారు, అంతే.

ఇంక మూడో ముక్క అడిగావు. అందులో ఏమీ లేదు. అది పాట కాదు, కుర్చీలోంచి లేచేందుకు దాదా పెట్టుకున్నది. వాళ్ళు వంటింట్లో కూర్చుంటే పొద్దుపోయేదాకా కూర్చోవచ్చు. మనది ఊరేగింపు, ముందుకు పోవాలి. ఊరికే ఆపేసి లేస్తే పెళ్ళివారి ముందర బాగుండదని, లేవడం కూడా తాళంలోనే ఉండాలని ఆ ముక్క కట్టాడట. అప్పట్లో డోలు వాయించే వెంకటప్పకు మోకాళ్ళ నొప్పి. అందరితోపాటు లేవలేకపోయేవాడు. ఆయన కోసం చివర ఒక దెబ్బ ఎక్కువ పెట్టాడని దాదీ చెప్పేది. ఆ పెద్దాయనకు ఇదే రాయించు. పెద్ద విషయమేమీ కాదని కూడా చెప్పు.

పెళ్ళిలో నేను వాయించను. రఫీక్ భాయికి మా దాదా కట్టాడని నా నోటితో చెప్పాను. ఎరువు తెచ్చిన నగ పెట్టి, మాదేనని చెప్పి, బిడ్డను పంపలేను. అర్షియాకు చెప్పాను. నాతో మాట్లాడటం మానేసింది. అన్నం గిన్నె మాత్రం గట్టిగా పెడుతోంది. చెంగల్రాయుడిని సినిమా పాటలు ఏవైనా వాయించమన్నాను.

ఖాదర్ వలి


కుప్పం,
27-11-24

ఒరే పిచ్చోడా,

నీ జాబు మూడుసార్లు సదివించుకున్నా. మూడోసారి నవ్వలేక పక్కటెముకలు పట్టుకున్నాయి. ఇంకో కట్టు ఏయించాల్సొచ్చేట్టుంది.

"పెద్ద విషయమేమీ కాదు" అంటావా? ఒరే, ఆ పాట ఓడలెక్కింది, మంచు తొక్కింది, అడవుల్లో తిరిగింది. అంతమంది వాయించినారు కదా, లేచి నిలబడేదెట్లా అని ఒక్కడికన్నా తోచిందా? కూచున్న పాటను లేపి నడిపించినోడు మన నబీ తాత. ఎంకటప్ప మోకాళ్ళ కోసం తాళంలో దెబ్బ పెంచినోడు మన నబీ తాత. నేను నలభై ఏండ్లు ఆ దెబ్బకు లేచినా వలీ, అది ఎవురు పెట్టినారని ఒక్కసారి ఆలోచించలే. నీ దగ్గర ఉండేది ఎరువు నగే అనుకో. దానికి కొక్కెం ఏసింది మీ దాదా. కొక్కెం లేకుంటే మెడలో నిలుస్తుందా?

నా మాట యాల, ఇది ఇను. మునిచంద్ర ఆ ముక్క ఒక్కటీ నిదానంగా వాయించి, ఫోన్లో పట్టి సిమోనమ్మకు పంపినాడు. నువ్వు రాసిందంతా మునిలక్ష్మి ఇంగ్లీషులో రాసి పంపింది. నిన్న ఆడినుంచి వీడియో వచ్చింది. వంటిల్లు. కిటికీ బయట మంచు. పెద్దాయన, నీకన్నా సన్నంగా ఉండాడు, కుర్చీలో కూచుని వాయిస్తాండాడు. సుట్టూ ఐదారుగురు ముసలోళ్ళు, ముసలమ్మలు, అందరూ కాళ్ళ తాళం. రెండు ముక్కలైనాయి. మూడోది మొదలైంది. ఒక్కొక్కరే లేస్తాండారు! బల్ల పట్టుకుని ఒకాయన, పక్కామె భుజం పట్టుకుని ఇంకొకామె. అందరికంటే లావుగా ఉండే ఒకామె సరిగ్గా ఆ ఎక్కువ దెబ్బకు లేచింది. లేచి ఒకటే కేకలు, నవ్వులు. వాళ్ళకూ మోకాళ్ళుండాయి కదప్పా!

అది అయినాక పెద్దాయన ఫోన్ దగ్గరికి వచ్చి ఏమో అన్నాడు. నాకు అర్థమైంది రెండే మాటలు. "నబీ సాబ్." "పుంగనూర్."

ఇంక నీ ఇష్టం. వాయించకపోయినావంటే, ఈ కట్టుకాలుతోనే బస్సెక్కి వచ్చి నీ అంగడి ముందర కూచుంటా. లేపేదానికి పాట కూడా ఉండదు నీ దగ్గర.

దేవరాజులు


పుంగనూరు,
17 డిసెంబరు 2024.
పొద్దున మంచు, ఇప్పుడు మంచి ఎండ. పెళ్ళి గిన్నెలు తోమించి, అద్దె అంగడికి తిరిగి ఇచ్చాను.

దేవరాజులుకు,

నీ జాబుకు నేను జవాబు రాయలేదు. ఏం రాయాలో తెలియలేదు. అర్షియా ఆ వీడియో తెప్పించుకుని, రోజూ నా అంగడి పక్కనే నిలబడి గట్టిగా పెట్టేది. నాకు చూపించేది కాదు. నేను చూస్తున్నానో లేదో ఓరకంట చూసేది. నేను చూశాను. అయినా రఫీక్ భాయికి చెప్పిన మాట ఇంకా దిద్దలేదు.

పెళ్ళినాడు పొద్దున అంగడి తీస్తే నా కుర్చీ లేదు. ఎవరైనా అడిగి తీసుకుపోయారేమో అనుకున్నాను. ఆ హడావిడిలో వెతకలేదు.

షాదీఖానాకు ఊరేగింపు మధ్యాహ్నం ముందే వచ్చింది. నేను వాకిట్లో ఆడపిల్ల తండ్రిగా నిలబడ్డాను. బ్యాండు ఆగింది. చెంగల్రాయుడు సినిమా పాట అందుకుంటాడనుకుంటే, క్లారినెట్ సంకలో పెట్టుకుని అరిచాడు.

"కాళ్ళు నొస్తాండాయి! కుర్చీలు తెండి!"

"కుర్చీలు లేవు" అన్నాను.

"మదనపల్లె నుంచి ఎంత దూరం నడిసినామో తెలుసునా?"

"పెళ్ళి మదనపల్లెలోనే కదప్పా" అన్నారు మావాళ్ళెవరో. అందరూ నవ్వారు.

"చాపన్నా ఈండి!"

"చాపలూ లేవు" అన్నాను. ఎప్పుడూ ఆట కోసం అనే మాట. ఆరోజు నిజంగానే అన్నాను. నా ముఖం చూసి జనానికి కూడా అర్థమయినట్టుంది. నవ్వులు ఆగిపోయాయి. జావీద్ గుర్రం మీద నుంచి దిగాలో వద్దో తెలియక కూర్చున్నాడు.

అప్పుడు నేను రఫీక్ భాయి దగ్గరికి వెళ్ళాను. అందరూ వినేట్టే చెప్పాను. "భాయ్, ఆ పాట మా దాదా కట్టింది కాదు. వేరే దేశం నుంచి వచ్చిన ఒక దొర దగ్గర విన్నాడు. చివర లేచే ముక్క ఒక్కటే మా దాదాది. మీకు తప్పు చెప్పాను."

రఫీక్ భాయి నా భుజం మీద చేయి వేశాడు. "టమోటా కూడా మన దేశానిది కాదంట భాయ్. మా జావీద్ సెప్పినాడు. దాని మీదనే మేము ఇల్లు కట్టుకున్నాం. ఇప్పుడేమి, ఇడిసిపెట్టేస్తామా?" అన్నాడు.

జనం మళ్ళీ నవ్వడం మొదలుపెట్టారు. ఆ గోలలో ఆడవాళ్ళ వైపు పరదా కదిలింది. పరదా కింద నుంచి, నేల మీద జరుపుకుంటూ, ఒక కుర్చీ బయటికి వచ్చింది. నా అంగడి కుర్చీ. పరుపుల వ్యాన్లో దాచి తెచ్చిందట. గోరింటాకు పెట్టుకున్న చేయి ఒకటి దాన్ని ఇంకొంచెం ముందుకు తోసింది.

"అబ్బా" అంది పరదా వెనక నుంచి. "అడిగేది నీ మనుషులే. లేదనేదీ నువ్వే. ఇచ్చేది మాత్రం నేను."

చెంగల్రాయుడు డ్రమ్ము గుడ్డ కింద నుంచి నా ఫిడేలు పెట్టె తీశాడు. వాడికి బుద్ధి లేదని నువ్వు రాశావు. ఆ మాట వాపసు తీసుకో.

కూర్చున్నాను. కుర్చీ కాలు ఆడుతూనే ఉంది. దాన్ని ఒక పక్కకు మోపి వాయించాను. మొదటి ముక్క, రెండో ముక్క. కాళ్ళ తాళం మనవాళ్ళతో మొదలై, లోపల బంతిలో కూర్చున్న మండీవాళ్ళ దాకా పోయింది. ఖాజీ గారి బూటు కూడా కదలడం చూశాను. తర్వాత దాదా ముక్క అందుకున్నాను. అందరూ లేచారు. బ్యాండువాళ్ళు లేచారు, జావీద్ గుర్రం దిగాడు, ముసలివాళ్ళు ఆ ఎక్కువ దెబ్బకు లేచారు.

నేను లేవలేదు. నేను లేస్తే పెళ్ళికొడుకు లోపలికి వెళ్తాడు. అందుకని ఆ ముక్కనే మళ్ళీ మొదటికి తిప్పాను. ఇంకోసారి తిప్పాను. ఎన్నిసార్లు తిప్పానో రాసుకోలేదు. దాదాకు ముగ్గురు కూతుళ్ళని నాకు అప్పుడే గుర్తుకొచ్చింది. ఆయనా ఇట్లే ఎన్నిసార్లు తిప్పి ఉంటాడో.

పరదా వెనక నుంచి ముక్కు చీదిన చప్పుడు వినిపించింది. చెంగల్రాయుడు నా చెవి దగ్గరికి వంగి, "లెయ్యప్పా, బిర్యానీ సల్లారిపోతాండాది" అన్నాడు.

లేచాను. ఆ ఎక్కువ దెబ్బకే లేచాను.

పెళ్ళి బాగా జరిగింది. బిర్యానీ సల్లారలేదు. నీ వాటా మునిచంద్ర చేతికి ఇచ్చి పంపాను, అందిందని రాయి. అర్షియా నిన్న మదనపల్లె నుంచి ఫోన్ చేసి పావుగంట మాట్లాడింది. నేను ఊఁ, ఆఁ అన్నాను. వెనక జావీద్ కూడా ఊఁ, ఆఁ అంటున్నాడు.

కుర్చీ వ్యాన్లో తిరిగి వచ్చేసింది. దాని మీదనే కూర్చుని రాస్తున్నాను. కాలు ఇంకా ఆడుతోంది. ఇవాళ అంగడిలో వేరే పనేమీ లేదు. సుత్తి, రెండు మేకులు తీసి పక్కన పెట్టుకున్నాను. జాబు ఇంతటితో ఆపి దానికి మేకులు కొడతాను.

ఖాదర్ వలి